పళ్ళెంలో చింతచెట్టు

విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్ళద్దాలతో రాయగడ స్టేషన్లో దిగినరోజు నాకు మా డాబా ఎక్కాలన్న తొందర తప్ప ఇంకేమీ లేదు. ఇంట్లో ఉండేది నేనూ అమ్మే, అమ్మని కూడా వెంట తీసుకెళ్ళాను కాబట్టి ఇంట్లో ఎవరూ లేరు. చెట్టుకి నీళ్ళు పొయ్యమని కింది వాటాలో వాళ్ళకి అప్పజెప్పాను. పాపం, కొన్నాళ్ళు పోశారు కూడా. ఈలోగా వాళ్ళ ఊళ్ళో పెద్దాయనకి బాగులేదని కబురొస్తే తాళం వేసుకుని పరుగెత్తారు. వాళ్ళని అనడానికి లేదు. అనాలంటే రాయగడ ఎండని అనాలి, దాన్ని అని ఏం లాభం? మెట్లెక్కి చూద్దును కదా, నాన్న చెట్టు మాడిపోయి ఉంది. ఆకులు రాలనైనా లేదు. కొమ్మల్ని అంటిపెట్టుకునే ఎండిపోయి, వేలు తగిలితే గలగలమని పొడైపోతున్నాయి. కాలిపోతున్న ఆ డాబా మీదే చతికిలబడి ఏడ్చాను. కంట్లో నీళ్ళు రాకుండా చూసుకోమని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆయనకేం, చెబుతాడు.

ఆ చెట్టు చింతచెట్టు. మూరెడు ఎత్తుంటుంది. బోన్సాయ్ అంటారు కదా, అదన్నమాట. నా వయసు అరవై దాటింది, దాని వయసు నాకంటే కాస్త తక్కువ. నాన్న పోయాక నా చేతికి వచ్చింది. కింద నుంచి అమ్మ కేకేసింది.

"ఏటే అమ్మీ, సచ్చిపోనాదేటి?"

"అలాగే ఉందమ్మా."

"అలాగే ఉండడమేటి? గోరుతో గీకి సూడు. లోపల పచ్చగుంటే బతికున్నట్టు."

మా అమ్మ జన్మంతా నర్సు పని చేసింది. ఎనభై ఆరేళ్ళొచ్చినా ఆవిడకి చావు మీద నమ్మకం లేదు, స్వయంగా నాడి చూస్తే తప్ప ఒప్పుకోదు. "చింత చచ్చినా పులుపు చావలేదు" అని మా వీధిలో వాళ్ళు ఆవిడ ఎదురుగానే అంటారు. ఆవిడ మురిసిపోతుంది. సరే, గీకి చూశాను. పైకొమ్మల్లో ఎక్కడ గీకినా గోధుమరంగే. నడిమి కొమ్మలూ అంతే. బాగా కిందికి, మొదట్లో జానెడు మేర మాత్రం బెరడు కింద పచ్చగా, తడిగా తగిలింది. అంటే మొదలు బతికుంది, చెట్టు చచ్చిపోయింది. ఎండిన భాగాన్ని కోసేయకపోతే ఆ ఎండు రోజురోజుకీ కిందికి దిగి, మిగిలిన పచ్చినీ తినేస్తుంది. కోసేస్తే మిగిలేది ఒక మోడు. మూడు అంతస్తుల కొమ్మలు, గొడుగులాంటి తల, నాన్న తన సగం జీవితం పెట్టి చేసిందంతా రంపం కింద పోతుంది. ఆయన చేత్తో చేసింది ఈ లోకంలో ఇదొక్కటే మిగిలింది. రంపం పట్టాల్సింది నేను. అంత ధైర్యం నాకు రాలేదు. రోజూ పొద్దున్నే మొదట్లో నీళ్ళు పోసి, దాని ఎదురుగా కూర్చుని, కిందికి దిగిపోయేదాన్ని. అలా కూర్చున్నప్పుడు గుర్తొచ్చినవే ఇవన్నీ.

నేను పుట్టిపెరిగింది కోరాపుట్ కొండల మీద, విమానాల ఇంజిన్లు తయారుచేసే కర్మాగారం టౌన్‌షిప్‌లో. నాన్న అక్కడ ఫిట్టరు, అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి నాన్నగారి తల్లి, మా మామ్మ, మాతోనే ఉండేది. రెండు గదుల క్వార్టరు, వెనక కుళాయి, కుళాయి వెనక నాలుగు జామచెట్లు. వానాకాలం అక్కడ నెలల తరబడి బట్టలు ఆరవు. మామ్మ కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద నా స్కూలు లంగాలు, నాన్న ఖాకీ చొక్కాలు, అమ్మ తెల్లచీరలు పరిచేది. మా బట్టలన్నీ బొగ్గుపొగ వాసనే. క్లాసులో కళ్ళు మూసుకుని కూడా ఎవరింట్లో ఏ కట్టెలు కాలుస్తారో చెప్పేదాన్ని. పొద్దున్న సైరన్ మోగకముందే మామ్మ యేసు ప్రార్థన మొదలయ్యేది. దేవుడికి చెవుడని ఆవిడ అనుమానం కాబోలు, గొంతెత్తి చేసేది. పక్క క్వార్టర్లో ఒడియా పిన్నిగారు, మాకు మావుసి, ఆ ప్రార్థన విని లేచి పొయ్యి వెలిగించేది. ఆవిడ జగన్నాథుడి భక్తురాలు, అయినా ఒకరోజు మామ్మకి జ్వరమొచ్చి ప్రార్థన వినపడకపోతే వాళ్ళాయన డ్యూటీకి ఆలస్యమైపోయాడు.

ఎండలు ముదిరే ముందు సంతకి కొండల మీంచి ఆడవాళ్ళు చింతపండు తెచ్చేవాళ్ళు. తట్టల నిండా, ఇంకా పిక్కలు తియ్యనిది. మామ్మ వాళ్ళతో బేరమాడటం చూసి తీరాల్సిందే. ఆవిడకి వాళ్ళ దేశియా భాష రాదు, వాళ్ళకి తెలుగు రాదు. "తెంతుళి", అంటే చింతపండు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ గంటసేపు దెబ్బలాడుకుని, ఆఖరికి ఒకళ్ళ చుట్ట ఒకళ్ళు ముట్టించుకునేవాళ్ళు. చర్చికెళ్ళే మనిషివి, చుట్ట తాగుతావా అంటే "పొగకి మతమేటి?" అనేది. ఆ చింతపండు ఇంటికొచ్చాక వారం రోజులు ఇంటిల్లిపాదికీ అదే పని. పాత గోనె పరిచి, చుట్టూ కూర్చుని, పెంకు తీసి, పీచు లాగి, రాతితో కొట్టి పిక్క తియ్యాలి. గోళ్ళ సందుల్లో పులుపు దిగి మంటెత్తేది. ఆ పుల్లటి వాసన జుట్టులోంచి ఎన్ని తలస్నానాలకీ పోయేది కాదు. నున్నటి పిక్కలు నేను ఆటకి దాచుకునేదాన్ని, మిగిలినవి మామ్మ చేటతో కుళాయి వెనక్కి విసిరేది. వానలు పడగానే అక్కడ చింతమొక్కలు చేటెడు లేచేవి. వాటిని పీకి పప్పులో వేసేసేది. నాన్న చెట్టు ఆ వేటలో తప్పించుకున్న మొక్క.

అసలు నాన్నకి ఈ పిచ్చి పట్టింది ఒక ఆఫీసరు బంగళాలో. నీళ్ళ మోటారు బాగుచెయ్యడానికి వెళ్ళి, వరండాలో పళ్ళెమంత తొట్టిలో పెరుగుతున్న జువ్విచెట్టుని చూశాడట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు.

"అమ్మా, పళ్ళెంలో సెట్టే! మాను, కొమ్మలు, ఏర్లు అన్నీ ఉన్నాయి. జానెడుంది గానీ ముసల్ది. మనకంటే ముసల్ది."

"పళ్ళెంలో అన్నం తినాల గానీ సెట్టేటిరా?" అంది మామ్మ. "ఇంద, పులుసేసుకో."

నాన్నకి ఎవరూ నేర్పలేదు. చంపి నేర్చుకున్నాడు. ఒక జామ, ఒక ఉసిరి, రెండు నిమ్మలు ఆయన చేతిలో హరీమన్నాయి. అప్పుడు కుళాయి వెనక ఆ చింతమొక్క కంటబడింది. పెంకుముక్క కింద ఇరుక్కుని వంకర తిరిగి, అయినా మహా పొగరుగా ఉందట. దాన్ని తవ్వి తీసి, పగిలిన ఇనప గమేళాలో పాతాడు. తల్లివేరు కత్తిరించాడు. పైతల కత్తిరించాడు. మళ్ళీ వేసిన తలనీ కత్తిరించాడు. మొదలు లావెక్కాలి, తల పైకి పోకూడదు, అదీ ఆయన తపన. చింతాకు సాయంత్రానికి ముడుచుకుంటుంది కదా. డ్యూటీ నుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తూనే అది ముడుచుకుందా లేదా అని చూసేవాడు. "పడుకున్నాది" అని తృప్తిగా లోపలికొచ్చేవాడు. నేను పడుకున్నానో లేదో అంత శ్రద్ధగా చూసిన గుర్తు నాకు లేదు.

పొట్టిచెట్టు ఇంట్లో ఉంటే పిల్లలు ఎదగరని మామ్మకి ఎవరో ఎక్కించారు. ఖర్మకాలి నేను క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని. ప్రార్థనకి నిలబెడితే ఎప్పుడూ వరసలో మొట్టమొదట నేనే. ఇంకేం, మామ్మకి సాక్ష్యం దొరికింది. "ఒరే, ఆ సెట్టు తల నువ్వు కత్తిరించినప్పుడల్లా నా మనవరాలు కుంగిపోతంది. అవతల పారీ" అని రోజూ గొడవ. "దానికీ దీనికీ సంబంధమేటమ్మా?" అని నాన్న. నేను నాన్న కూతుర్నే గానీ, నమ్మింది మాత్రం మామ్మని. ఎవరూ చూడకుండా జామకొమ్మ పట్టుకుని వేలాడేదాన్ని, సాగుతానేమోనని. చేతులు బొబ్బలెక్కాయి తప్ప వెంట్రుకవాసి ఎదగలేదు. మామ్మ నాకంటే కూడా పొట్టి అన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కళ్ళకీ తట్టలేదు, చూడండి!

ఇక నాన్న కట్టు సంగతి చెప్పాలి. విమానం ఇంజిన్లో ఒక్క బోల్టు వదులైతే మనుషుల ప్రాణాలు పోతాయి. అందుకని బిగించిన బోల్టు తలకి బెజ్జం ఉంటుంది. అందులోంచి సన్నటి గట్టి తీగ దూర్చి, రెండు పోగులు మెలేసి, పక్క బోల్టుకి బిగదీసి కడతారు. ఒకటి వదులవబోతే ఇంకొకటి పట్టి ఆపుతుంది. నాన్న వేసిన మెలి చూసి పెద్దవాళ్ళు మెచ్చుకునేవాళ్ళట. ఇంట్లో ఏది కట్టినా అదే మెలి. బట్టలారేసే దండెం, బాల్చీ చెవి, నా స్లేటు చట్రం, అన్నిటికీ విమానం కట్టే. చింతచెట్టు కొమ్మల్ని వంచాల్సి వచ్చినప్పుడూ అదే చేశాడు. ఒక్కొక్క కొమ్మకీ తీగ చుట్టి, కిందికి వంచి, పట్టకారుతో మెలేసి, మొదటికి బిగించాడు. వేలితో మీటితే టింగుమంది. "ఇంక కదలదు, ఇది నా కట్టు" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని ట్రైనింగుకని వేరే ఊరు పంపారు, వానాకాలం మొత్తానికి. వెళ్తూవెళ్తూ గుమ్మంలో నిలబడి ఇంట్లో అందరికీ ఒకటే ఆజ్ఞ: "నీళ్ళు పొయ్యండి. కట్టు మాత్రం ఎవలూ ముట్టుకోకండి."

ఎవరూ ముట్టుకోలేదు. కోరాపుట్ వాన ఒకసారి పట్టుకుంటే రాళ్ళకి కూడా చిగుళ్ళు వస్తాయి. ఇక చింత ఆగుతుందా? కొమ్మలు లావెక్కాయి. తీగ మాత్రం ఇంజిన్ మీద ఉన్నట్టే, అంత నమ్మకంగానూ పట్టుకుని కూర్చుంది. మొదట బెరడు మీద గీతలు పడ్డాయి. తర్వాత తీగకి అటూ ఇటూ బెరడు ఉబ్బింది. నాన్న వచ్చేసరికి చాలాచోట్ల తీగే కనిపించడం లేదు, చెట్టు దాన్ని మింగేసింది. "మా వోడు సెట్టుకి ఉరేసి ఊరెల్లిపోనాడు" అని మామ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "మరి విప్పకపోయావా?" అని మావుసి అడిగితే, "ముట్టుకోవద్దన్నాడు గదా, నానెందుకు ముట్టుకుంతాను?" అంది పంతంగా.

నాన్న వచ్చాడు. తడిసిన రెయిన్‌కోటు కూడా విప్పకుండా వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి పట్టకారు చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. వెళ్ళి చూస్తే కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తీగ లాగితే దాంతోపాటు బెరడు చీరుకొచ్చిందట. చేతిలో ఆ చీలిక పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "తీసి పారీసేయండి. నా సేత్తోటే సంపీసేను" అన్నాడు. నాన్న గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన వెనక్కే వెళ్ళలేదు. మొహం ముందు కుళాయి దగ్గరే కడుక్కునేవాడు. సంతోషించాల్సిన మామ్మకి అన్నం సయించలేదు. గెలవడం వేరు, కొడుకు అలా తల వంచుకుని తిరగడం వేరు కదా. "ఇంకా సావనేదు గదరా, సచ్చిపోనాదంటావేటి?" అని గొణుక్కునేది.

ఆ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చేపలపులుసు పొయ్యి మీద పెట్టి, అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. తన సొంత కత్తెర, కుట్లు పట్టి లాగే చిమటా గిన్నెలో వేసి మరిగించడం మొదలెట్టింది.

"సెట్టుకి సెప్టిక్ అవుతాదేటి?" అన్నాడు నాన్న, ఎన్నాళ్ళకో నోరు విప్పి.

"అవదని మీకెవలు సెప్పేరు? మాటాడకుండా ఇలాగొచ్చి తొట్టి పట్టుకోండి. నాను తిప్పమన్నప్పుడు తిప్పాల, మానమన్నప్పుడు మానాల."

కుట్లు విప్పినట్టు విప్పింది. తీగని లాగనే లేదు. నాన్న పట్టకారుతో మెలిక మెలికకీ తెంపింది, చిన్నచిన్న ముక్కలు చేసింది. ఒక్కొక్క ముక్కనీ చిమటాతో పట్టుకుని, అది ఎటునుంచి దిగిందో అటే వెనక్కి తీసింది. బెరడు లోపల పూర్తిగా మునిగిపోయినచోట "ఇది ఉండనీ, దీన్ని కెలికితే నష్టం" అని వదిలేసింది. నాన్న తొట్టి పట్టుకుని, అమ్మ మొహంలోకి చూస్తూ, ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్న మనిషిలా ఉన్నాడు. పులుసు అడుగంటింది. ఆ వాసనకి లేచొచ్చిన మామ్మ పులుసు సంగతి చూడలేదు. చేతిలో పసుపు, వేపనూనె కలిపిన గిన్నె ఉంది.

"గాయానికి పసుపెట్టకుండా ఒగ్గెస్తారేటి? ఏం నర్సువే నువ్వు? లెగు" అని అమ్మని పక్కకి తోసి, ఏ చెట్టునైతే పారెయ్యమని రోజూ పోరిందో దాని ఒంటినిండా తన చేత్తో పూసింది. మా ఇంట్లో ఆ రోజు అన్నంలోకి మాడిన పులుసే. తింటూ తింటూ నాన్న ఆగి, "బోల్టు ఎదగదు. అదొక్కటీ నాకు తట్టనేదు" అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

చెట్టు బతికింది. ఆ తర్వాత నాన్న చేతికే ఎదగడం వచ్చింది. సైకిలు ట్యూబు ముక్కలు మెత్తగా వేసి, వదులుగా కట్టి, వానలకి ముందే విప్పేసేవాడు. కొమ్మ మాట వినకపోతే మళ్ళీ ఏడాది కట్టేవాడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, వంచేవాడికి ఓపికుంటే మాను కూడా వంగుతుంది, నేను చూశాను. గమేళా పోయి సిమెంటు తొట్టి వచ్చింది, అది పోయి నాన్నే చేసిన లోతులేని పళ్ళెం వచ్చింది. వేళ్ళు మట్టి మీద కోడికాలిలా పరుచుకున్నాయి. చలికాలం పొగమంచు పడేవేళకి గోనెలు కప్పి లోపలికి తెచ్చేవాడు. "మా ఇంట్లో సలేసేది సెట్టుకే" అని అమ్మ ఎత్తిపొడిచేది. ఒక ఏడాది అది పూసింది. పూసి, ఒకే ఒక్క కాయ కాసింది. మూరెడు చెట్టుకి, అడవిలో మానుకి కాసినంత కాయ! కొమ్మ విరుగుతుందని నాన్న దానికి పుల్ల ఊతం పెట్టాడు. అది పండి రాలితే మామ్మ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితిప్పి చూసింది. "కాయ పొట్టిది కాదే" అంది. ఆ ఒక్క కాయతో ఇంటిల్లిపాదికీ చారు పెట్టింది. అది చారు కాదు, వేడినీళ్ళు. కానీ బ్రహ్మాండంగా ఉందని మామ్మ అంటే ఎదురు చెప్పే దమ్ము ఎవరికుంది? ఆ రోజు నుంచి నా ఎత్తు గురించి ఆవిడ నోరెత్తలేదు. నేను ఇప్పటికీ పొట్టిదాన్నే. ముప్పై ఏళ్ళ పైచిలుకు బడిలో పాఠాలు చెప్పాను, బోర్డు పైభాగం ఎప్పుడూ ఖాళీయే.

నాన్న రిటైరయి క్వార్టరు ఖాళీ చేశాక, రైల్వే ఉద్యోగిని చేసుకుని రాయగడలో స్థిరపడిన నా దగ్గరికి వాళ్ళిద్దరూ వచ్చేశారు. అప్పటికి మామ్మ లేదు. సామాను లారీలో వచ్చింది, చెట్టు మాత్రం రైల్లో నాన్న ఒళ్ళో వచ్చింది. సొరంగం వచ్చినప్పుడల్లా అది భయపడుతుందన్నట్టు చేత్తో కప్పేవాడట. ఆఖరి రోజుల్లో ఆయన వేళ్ళు కత్తెర పట్టలేకపోయాయి. నేను పట్టేదాన్ని. "అది కాదమ్మీ, దాని పక్కది... ఆఁ, అదే" అని మంచం మీంచి చెప్పేవాడు. ఆయన పోయాక నేను చేసిందల్లా కాపలా. ఆయన వదిలిన ఆకారం చెదరకుండా, పెరిగినంత మేరా కత్తిరించి, అలాగే ఉంచడం. ఒక్క కొత్త కొమ్మని రానివ్వలేదు.

ఇప్పుడు విశాఖపట్నం నర్సరీల్లో రెడీమేడ్ బోన్సాయ్‌లు అమ్ముతున్నారు. లావుపాటి మొదలుకి పైన కొమ్మ అంటుకట్టి, రంగురాళ్ళు పోసి, పెళ్ళిళ్ళకి బహుమతులుగా కొనుక్కుపోతున్నారు. మా వీధి కుర్రకారు ఫోన్లో వీడియోలు చూసి ఒక్క వానలోనే చెట్టు తయారవ్వాలంటారు. నేను వాళ్ళని తిట్టను. మా నాన్న కూడా తొందరపడే నాలుగు మొక్కల్ని చంపాడు. పైగా ఆ వీడియోల్లో తీగ ఎప్పుడు విప్పాలో మొదటిరోజే చెప్పేస్తున్నారు. మాకు అది తెలియడానికి ఒక వానాకాలమంతా పట్టింది. ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని నేను అనను. ఆరని బట్టలేసుకుని దగ్గుతూ పెరిగాం. కాకపోతే ఒక పని చెడితే దాని చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు డాబా మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆ బాధే ఎక్కువగా ఉండింది నాకు.

తొలకరి ఇంకా రాలేదు. అమ్మ ఒకరోజు పొద్దున్న, "పద, నానే సూస్తాను" అంది. వద్దంటే వినలేదు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, పైకొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఈ వయసులో ఆవిడకి చూపు ఆనదు, వేళ్ళతో మొదలు నుంచి పైకి తడుముకుంటూ వెళ్ళింది. గోటితో అక్కడక్కడ గీకింది. నేను గీకి చూసినరోజు పచ్చగా ఉన్నచోట ఇప్పుడు ఎండు తగిలింది. వేలెడు కిందికి దిగింది.

"దిగుతంది సూడు. ఎన్నాళ్ళిలాగ ఉంచుతావు?"

"అమ్మా, పైదంతా నాన్న చేసిందే."

"మీ నాన్న సేసింది ఎండిపోనాది."

"తెలుసమ్మా. నా చేత్తో ఎలా కొయ్యను?"

"కాలు కుళ్ళిపోతే మడిసిని బతికించడానికి కాలు తియ్యరేటి? నానెంతమందిని పట్టుకున్నాను! తీసిన కాలు ఒగ్గలేక ఏడిసినోల్లే మల్లీ కర్రట్టుకుని నడిసీసేరు." నా చెయ్యి దగ్గరికి లాక్కుంది. మళ్ళీ తనే, మెత్తగా అంది, "ఒలే అమ్మీ, ఎండినదాన్ని సూసి ఏడుస్తూ పచ్చిదాన్ని సంపీకే. మీ నాన్నకి అది ఇష్టముండదు."

రంపం తెచ్చాను. అమ్మ పళ్ళెం పట్టుకుంది, కదలకుండా. ఎండిన కర్ర ఉక్కులా ఉంది. పొట్టు రాలుతుంటే అందులోంచి పుల్లటి వాసన కాస్త వచ్చింది. పచ్చి తగిలేదాకా కోసి, పైన మైనం అద్దాను. మూడు అంతస్తులూ తెగి పక్కన పడ్డాయి. నేను వెక్కివెక్కి ఏడిచాను. అమ్మ కూడా ఏడ్చింది, కానీ పళ్ళెం వదల్లేదు. అదయ్యాక "నీళ్ళు పొయ్యి" అంది.

వానలొచ్చాయి. కింది వాటా ఆవిడ తిరిగొచ్చి, సంగతి తెలిసి, నా చేతులు పట్టుకుని బావురుమంది. నేనే ఊరుకోబెట్టి కాఫీ ఇచ్చాను. రోజులు గడుస్తున్నా మోడు మోడుగానే ఉంది. బతుకుతుందన్న ఆశ నేను దాదాపు వదిలేశాను. ఒకరోజు జల్లు వెలిశాక చూస్తే, మొదట్లో రెండు చోట్ల బెరడు పగిలి ఎర్రటి మొనలు కనిపించాయి. ఆవగింజంత. చంటిపిల్ల చిగుళ్ళలో పన్ను చూసినట్టు వేలితో తడిమి చూశాను. నాలుగు రోజుల్లో అవి లేత ఆకులయ్యాయి. ఒకటి ఎడమవైపు నిటారుగా, నాన్న చెట్టు పాత వాటంలోనే లేస్తోంది. రెండోది కుడివైపు కాస్త వాలి, తన దారిన తను పోతోంది. రెంటిలో ఒకదాన్నే ఉంచాలి, అదే రేపటి మాను. నాన్నయితే ఎడమదాన్ని ఉంచేవాడు, అనుమానం లేదు. కత్తెర పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఎడమదాన్ని కత్తిరించాను. ఈ చెట్టుకి నా అంతట నేను చేసిన మొట్టమొదటి పని అది. భయం వేసింది. అంతకు మించి, చిన్నపిల్లలా సంతోషం వేసింది.

అమ్మని మళ్ళీ పైకి తీసుకొచ్చి చూపించాను. చిగురుని చూపుడువేలితో తాకింది.

"ఇది మల్లీ సెట్టు అవ్వడానికి ఎన్నాల్లు పడతాదే?"

ఆవిడకి అబద్ధం చెప్పి తప్పించుకోవడం కుదరదు. "పదేళ్ళు పడుతుందమ్మా. ఇంకా ఎక్కువే."

అమ్మ తలూపింది. చేత్తో కుర్చీ ఎక్కడుందో తడుముకుని, నీడపట్టు చూసుకుని కూర్చుంది. కిందికి దిగుదామని అమ్మని లేపి, నేను ఆ కుర్చీ కూడా తీసుకెళ్ళబోతే, దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కుర్సీ ఇక్కడే ఉంచు," అంది. "రేపట్నుంచి నా కాఫీ పైకి అట్టుకురా."